జాడీలకు మన్నున్న ఇల్లు

బెంగుళూరులో “ఇక్కడే, నడిచేంత దూరం” అనే మాటను చట్టం చేసి నిషేధించాలని నా చిరకాల అభిప్రాయం. ఆ ఊళ్ళో ఎవరిని ఏ చోటు గురించి అడిగినా అది నడిచేంత దూరమే. నడిచేది వాళ్ళు కాదు కాబట్టి ఆ మాటలో అబద్ధం కూడా లేదు. మా మేనమామ రామ్మూర్తి ఇల్లు కె.ఆర్.పురం స్టేషను నుంచి పదేళ్ళుగా నడిచేంత దూరంలోనే ఉంది. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆ దూరం కాస్త పెరుగుతూ వచ్చింది. మామ మాత్రం మాట మార్చలేదు.

ఈసారి ప్రయాణానికి కారణం ఆయన ఫోను. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయిన రోజులు. కార్తీకమాసం. నేను కుప్పంలో జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. పిల్లలు నేర్చుకుంటున్నారని అనను, నేను చెబుతాను. ఆ కాలేజీ ఆఫీసుకే ఫోను చేశాడు.

“వెంకటూ, కింద పోర్షన్లో కొరియా వాళ్ళు ఉండారు గదా. ఖాళీ చేయమని చెప్పాల. నాకు ఇంగ్లీషు రాదు, ఆ యమ్మకు తెలుగు రాదు. ఆదివారం వచ్చి ఒక మాట చెప్పి పో అప్పా.”

“ఎందుకు మామా, మంచివాళ్ళే అన్నావే?”

“పెరట్లో కుండలు పూడుస్తా ఉండారు. మాటమంత్రం, అదే చేతబడి, చేస్తా ఉండారని వీధంతా గలాటా. పైన కంపు. ఎలక చచ్చిన కంపు.”

ఒక సంసారాన్ని ఇల్లు ఖాళీ చేయించడానికి నా ఎమ్మే పనికొస్తుందని మా విశ్వవిద్యాలయం వారు ఊహించి ఉండరు.

ఆదివారం పొద్దున ఆరుంబావుకు ప్యాసింజరు. ఏడుకు పది నిమిషాలు తక్కువలో వచ్చింది. టికెట్టు పదిహేడు రూపాయలు. ఈ దారిన వెళ్ళదలచినవారికి ఒక మాట: ఎక్స్‌ప్రెస్సులు వదిలేసి ఈ బండే ఎక్కండి. తొందర ఏమీ లేని బండి కాబట్టి దారిలో ఉన్నవన్నీ చూపిస్తుంది. ఆ రోజు మాత్రం చూపించడానికి దాని దగ్గర మంచు తప్ప ఏమీ లేదు. గుడుపల్లి, బిసానత్తం, కామసముద్రం ఒక్కొక్కటిగా తెల్లటి మంచులోంచి తేలి వచ్చి, ఒకరిద్దరిని ఎక్కించి, మళ్ళీ మునిగిపోయాయి. కాసేపటికి బండి కదులుతోందా, ఊళ్ళే కదిలి వచ్చి మమ్మల్ని చూసి పోతున్నాయా అన్నది తెలియకుండా పోయింది. నాలుగింటికి లేచినవాడికి ఇలాంటి సందేహాలు సుఖంగానే ఉంటాయి.

బంగారుపేటలో వడ, టీ. అక్కడే ఒక విజయవాడ యువకుడు ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. స్నేహితుడి పెళ్ళికి వచ్చి తిరిగి వెళ్తున్నాడట. మహదేవపురలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను వెళ్తున్న పని చెప్పగానే నిటారుగా కూర్చున్నాడు.

“కొరియన్సా సార్? సియోల్లో త్రీ మంత్స్ ఉన్నా, ఆన్‌సైట్. ఫుడ్డు హారిబుల్ సార్. బ్రెడ్డూ అరటిపండూ తిని బతికా.”

“ఏం పెట్టేవారు?”

“ఏమో సార్. నేను టేస్ట్ చేయలేదు.”

కాసేపు కిటికీలోంచి మంచును చూసి, గొంతు తగ్గించి మళ్ళీ అన్నాడు. “మా అమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా గెస్ట్‌హౌస్‌లో ఓపెన్ చేస్తే పక్క రూమ్ వాళ్ళు కంప్లైంట్ ఇచ్చారు సార్. ఏదో లీకవుతోందని. ఆవకాయని! ఎంత ఇన్సల్ట్ చెప్పండి.”

“వాళ్ళు రుచి చూశారా?”

“ఎక్కడ సార్? చూస్తే తెలిసేది వాళ్ళకి.”

ఆ తర్వాత నాకు నిద్రపట్టింది. టేకల్, మాలూరు నిద్రలోనే దాటాను. మాలూరు ఇటుకబట్టీల పొగ మంచులో కలిసి కిటికీలోంచి లోపలికి వచ్చిందనుకుంటాను. నాకు కలలో పట్టాల పొడవునా కుండలు పాతిపెట్టి ఉన్నాయి. బండి ఒక్కో కుండ మూతను తడుతూ పోతోంది. లోపల ఎవరో “ఎవరూ?” అని అడుగుతున్నారు. జవాబు చెప్పేలోగా కె.ఆర్.పురం వచ్చింది. తొమ్మిదీ నలభై.

స్టేషను బయట తీగల వంతెన ఇంకా కడుతున్నారు. స్తంభాలు మంచులో కనిపించడం లేదు. తీగలు మాత్రం ఆకాశంలోంచి వేలాడుతున్నాయి, పైనుంచి ఎవరో ఊరిని ఎత్తి చూద్దామనుకుని మానేసినట్టు. కూరగాయల సంత దాటి, కొత్త లేఅవుట్ల మధ్యగా ముప్పై ఐదు నిమిషాలు నడిచాను. నడిచేంత దూరమే.

మా మామ వాళ్ళు నాలుగు తరాలుగా బెంగుళూరు వాళ్ళు. చిక్కపేటలో పట్టుచీరల అంగడి. వయసయ్యాక అంగడి కొడుక్కి వదిలి, ఇక్కడ ఇల్లు కట్టుకుని పైన ఉంటున్నాడు. కింది పోర్షనూ, వెనక పెరడూ చోయ్ దంపతులకు ఇచ్చాడు. భర్త జిగణిలో ఏదో యంత్రభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆదివారం కూడా ఆరింటికే వ్యాను వచ్చి ఎత్తుకుపోతుంది. భార్యకు నలభై దాటి ఉంటాయి. శ్రీమతి చోయ్‌ని మా శారదత్త చాయమ్మ అంటుంది.

మామ నన్ను కాఫీకి కూడా కూర్చోనివ్వకుండా పెరట్లోకి తీసుకెళ్ళాడు. సంపెంగ చెట్టు కింద నాలుగు జాడీలు మెడదాకా మన్నులో పాతి ఉన్నాయి. గోధుమరంగు మూతలు. నలుగురు మనుషులు టోపీలు పెట్టుకుని మన్నులో కూర్చుని ఎండ కోసం ఎదురు చూస్తున్నట్టు ఉంది. ఒక జాడీ మెడకు గడ్డితాడు. తాడుకు ఎండుమిరపకాయలు, బొగ్గుముక్కలు గుచ్చి ఉన్నాయి. సంపెంగ రేకులు మూతల మీద రాలుతున్నాయి. వాసన మెల్లగా వచ్చింది. మొదట సంపెంగ, దాని వెనక వెల్లుల్లి, దాని వెనక ఇంకేదో, పిలవకపోయినా వచ్చిన దూరపు బంధువులాగా.

“చూస్తివా? మిరపకాయలు, బొగ్గులు. ఇంక బొమ్మ ఒకటే తక్కువ,” అన్నాడు మామ. “పక్కింటి పిండిమర ఆయప్పకు వారం నించీ జరం. వీధిలో అందరూ మన గేటు కల్లే చూస్తా పోతా ఉండారు.”

“ఆమెను అడిగారా, ఇదేమిటని?”

“ఏమని అడగాల? నవ్వుతాది. వొంగి నమస్కారం పెడతాది. మంత్రం చేసేవాళ్ళు అరిచి చేస్తారా?”

ఇంతలో వంటింటి తలుపు తెరుచుకుని ఆవిడే వచ్చింది. నవ్వింది. వంగి నమస్కారం పెట్టింది. మామ నావైపు చూశాడు.

మేనల్లుడు వస్తున్నాడని ఆవిడకు తెలుసు. పన్నెండున్నరకు నాకు భోజనం ఆవిడ ఇంట్లోనే అని అత్తకు సైగలతో చెప్పిందట. మామకూ అత్తకూ కార్తీకమాసపు నియమం. ఉల్లి, వెల్లుల్లి, చేప, మాంసం ఏవీ లేవు. అందుకని నేను తినడానికీ, వాళ్ళిద్దరూ కూర్చుని చూడడానికీ కిందికి దిగాం.

బల్ల మీద తెల్లన్నం, ఏదో చారు, చిన్న చిన్న గిన్నెల్లో పది రకాలు. మధ్యలో ఎర్రగా, జాడీలోంచి అప్పుడే తీసిన క్యాబేజీ. దాని పక్కన ఒక గిన్నెడు మంచినీళ్ళు. నీళ్ళు చేయి కడుక్కోవడానికేమో అనుకున్నాను. ఆవిడ అన్నం తినే పుల్లలతో ఒక ఎర్రటి ముక్క తీసి, నా కళ్ళముందే ఆ నీళ్ళలో ముంచి, అటూ ఇటూ ఆడించి, కారమంతా వదిలాక తెల్లగా పాలిపోయిన ఆ ముక్కను నా కంచంలో పెట్టింది.

“పిల్లలకు ఇలా. విదేశీయులకు ఇలా,” అంది ఇంగ్లీషులో. ఆవిడ ఇంగ్లీషులో క్రియాపదాలు అరుదు.

నేను శాంతస్వభావుణ్ణి. కానీ కారం కడిగి పెట్టించుకునే రోజు మా వంశంలో ఎవరికీ రాలేదు. “కడగొద్దు,” అన్నాను. ఆ క్షణాన యావదాంధ్రదేశమూ నా వెనక నిలబడి ఉంది.

ఆవిడ అనుమానంగా చూసింది. ఇదివరకు ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మాటలు ఒక్కొక్కటే చెప్పింది. “జర్మనీ ఇంజనీరు: కుళ్ళిన క్యాబేజీ. ఇంగ్లండు ఇంజనీరు: మురుక్కాలువ. ఢిల్లీ మేడమ్: ఇంట్రెస్టింగ్.” మూడోది చెప్పేటప్పుడు గొంతు అన్నిటికన్నా కిందికి దిగింది.

కడగని ముక్క తిన్నాను. కారం పెద్ద విషయం కాదు. పులుపు ఒకటి, నాలుక మీద సోడాలాగా చిటపటలాడే దేనిదో చురుకు ఒకటి, దాని అడుగున నాకు పరిచయం లేని సముద్రం ఒకటి. నవ్వాను, “వెరీ నైస్” అన్నాను, నీళ్ళు తాగాను. ఈ మూడూ ఆ వరుసలోనే జరిగాయి.

“ఇంక చెప్పు,” అన్నాడు మామ. “ఈ కంపు మేము తట్టుకోలేము, నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పు.”

నేను ఇంగ్లీషులోకి మార్చాను. వంటింటి పరిమళం మేడమీదికి కూడా వస్తోందనీ, ఇంతకన్నా విశాలమైన ఇల్లు అయితే తమకు సౌకర్యంగా ఉంటుందేమోనని మా మామయ్య ఆలోచిస్తున్నారనీ చెప్పాను. నా విద్యార్థులు వినవలసిన ఇంగ్లీషు.

ఆవిడ విన్నది. కప్పులో బార్లీ నీళ్ళు పోసింది. తర్వాత ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆరు ఇళ్ళు చూశారట. అన్నీ జిగణికి దగ్గర. అన్నీ బండలు, సిమెంటు, ఎక్కడా జానెడు మన్ను లేదు. ఏడోది ఇది. ఈ మన్ను కోసం భర్త రోజూ పోనూ రానూ మూడున్నర గంటలు వ్యానులో కూర్చుంటున్నాడు.

“మన్ను లేకపోతే జాడీ చల్లగా ఉండదు. జాడీ లేకపోతే అది ఇల్లు కాదు, హోటలు. ఈ ఇల్లు పోతే నేను మా ఊరికి. ఆయన ఇక్కడ హాస్టల్లో. ఇంకా మూడేళ్ళు.”

ఇది మాత్రం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. మామ ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను తిరగడం లేదు.

అంతవరకూ తలుపు దగ్గర కూర్చున్న అత్త అడిగింది. “మరి ఆ మిరపకాయలు, బొగ్గులు ఎందుకు కట్టింది? అది అడుగు ముందు.”

అడిగాను. ఆవిడ కిటికీలోంచి జాడీని చూపించింది. జాడీలో పెట్టింది నెలల తరబడి ఉండాలి. చెడు చూపు పడితే చెడిపోతుంది. ఎరుపు చూస్తే చెడు దగ్గరికి రాదు. బొగ్గు ఉంటే లోపలికి పోదు. వాళ్ళ అమ్మ కట్టేది, వాళ్ళ అమ్మమ్మ కట్టేది.

“దిష్టికా!” అంది అత్త. లేచి పెరట్లోకి నడిచింది. మేమంతా వెనకే వెళ్ళాం. అత్త వంగి తాడును ఈ చివర నుంచి ఆ చివరదాకా పరీక్షగా చూసింది. చూసి, పెదవి విరిచింది.

“నిమ్మకాయ ఏది చాయమ్మా? నిమ్మకాయ లేకుండా దిష్టి ఎట్ల పోతాది?”

చోయ్ గారు నిటారుగా నిలబడింది. “నిమ్మకాయ లేదు. ఎప్పుడూ లేదు.”

“మా తాతల కాలం నించీ ఉండాది.”

“మా తాతల కాలం నుంచీ లేదు.”

పావుగంటసేపు రెండు దేశాల మధ్య నిలబడి నేను మాటలు మోశాను. ఎవరూ అంగుళం తగ్గలేదు. మంచు పూర్తిగా విడిపోయి, సంపెంగ నీడ జాడీల మీద నీళ్ళలో కదిలినట్టు కదులుతోంది. వాళ్ళిద్దరి గొంతులూ ఆ నీడలోంచి వస్తున్నాయి. ఒక దశలో ఎవరు ఏ భాషలో పోట్లాడుతున్నారో నాకు తెలియలేదు. నేను మాట్లాడడం మానేసినా పోట్లాట ఆగలేదు.

చివరికి అత్త మామ వైపు తిరిగింది. “మాటా లేదు, మంత్రమూ లేదు. ఊరగాయ పెట్టుకుని దిష్టి తగలకుండా తాడు కట్టుకునిండాది ఆడమనిషి. నా ఆవకాయ జాడీని నేను నిన్నే తాకనీను గదా? వీధి వాళ్ళకు నేను చెప్పుకుంటా. నువ్వు నోరెత్తకుండా సుమ్నే ఉండు.”

“అది సరే,” అన్నాడు మామ. “కంపు?”

“కంపు,” అంది చోయ్ గారు, స్పష్టంగా, తెలుగులో.

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“కంపు తెలుసు. సంతలో చేపలమ్మ నేర్పింది,” అని, ఆవిడ నావైపు చూసి ఇంగ్లీషులో అంది. “పరిమళం కాదు.”

నేను చెట్టును చూశాను. మంచి చెట్టు.

ఆవిడకు కోపం రాలేదు. కంపు అన్న మాటతో ఆవిడకు పేచీ లేదట. వాళ్ళాయనా ముక్కు మూసుకునే తింటాడు, రెండోసారి అడుగుతాడు. “తినండి. తిని, కంపు అనండి. అప్పుడు వెళ్ళిపోతాను. తినకుండా అంటే వినను. ఇంట్రెస్టింగ్ అంటే చెత్తబుట్టలో పారేస్తారని అర్థం.” ఈ మాటలు నేను మామకు చెప్పాను. ఈసారి ఏమీ కలపలేదు.

“కార్తీకం గదప్పా. ఎట్ల తినేది?” మామ గొంతులో నిజమైన ఇబ్బంది ఉంది.

ఆవిడ లోపలికి వెళ్ళి చేతిలో పట్టేంత చిన్న జాడీ తెచ్చింది. ఇందులో వెల్లుల్లి లేదు, ఉల్లి లేదు, రొయ్య లేదు. వాళ్ళ కొండల మీది గుళ్ళలో సన్యాసినులు తినే పద్ధతి. మామ కోసమే పెట్టింది. కార్తీకమాసమని ఎవరు చెప్పారని అడిగాను. ఆవిడ పైకి, మేడమీది వంటింటి కిటికీ వైపు వేలు చూపించింది. పదిరోజులుగా అక్కడి నుంచి వెల్లుల్లి వాసన రావడం లేదట. అంతకుముందు రోజూ వచ్చేదట.

మామ ముక్కు తడుముకున్నాడు. వాసన కిందికి కూడా దిగుతుందని ఆయనకు ఇంతవరకూ తోచినట్టు లేదు.

అరుగు మీద కూర్చుని కంచంలో ఒక ముక్క వేయించుకున్నాడు. నీళ్ళ గిన్నె ఎవరూ తేలేదు. నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు. దూరంగా వంతెన దగ్గర ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు, చాలా నిదానంగా, నిద్రలో వినిపించినట్టు వినిపిస్తోంది. చోయ్ గారు రెండు చేతులూ కట్టుకుని నిలబడింది. మూడేళ్ళ సంసారం ఆయన దవడల మధ్య నలుగుతోంది. మామకు ఆ సంగతి తెలుసు. అయినా తొందరపడలేదు. చీర పోగు చూసేటప్పుడు కూడా ఆయన అంతే.

కళ్ళు తెరిచాడు.

“కంపే,” అన్నాడు.

నేను ఏదో ఒకటి అనబోయాను. మామ కంచం ముందుకు చాచాడు. “ఇంకొంచెం వెయ్యమను.”

చెప్పడానికి నోరు తెరిచేలోగా ఆవిడ వేసేసింది.

రెండోది కూడా తిన్నాక, “ఉప్పు సరిగ్గా ఉండాది. కారం మాత్రం చాలదు,” అన్నాడు. ఈ మాట నేనే ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ముఖం మొదటిసారి ఎర్రబడింది. కుళ్ళిన క్యాబేజీని, మురుక్కాలువను, ఇంట్రెస్టింగ్‌ను తట్టుకున్న మనిషి. కొరియా దేశం మీద ఈ నింద ఎవరూ వేసి ఉండరు. లోపలికి వెళ్ళింది. రోకలి చప్పుడు మొదలైంది.

ఖాళీ చేయడం గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. వీధి వాళ్ళ కోసం గేటుకు నిమ్మకాయ అత్త కట్టింది. జాడీకి తాడు చోయ్ గారిదే ఉండిపోయింది. నేను మేడమీద చాప వేసుకుని రెండు గంటలు పడుకున్నాను. కింద ఇద్దరు ఆడవాళ్ళు ఏదో దంచుతూ మాట్లాడుకుంటున్నారు. ఒకరికి ఒకరి భాష రాదు. నిద్రలో నాకు మాత్రం ప్రతి మాటా అర్థమైంది. లేచాక ఒక్కటీ గుర్తులేదు.

నాలుగున్నరకు బయలుదేరాను. చోయ్ గారు గేటు దాకా వచ్చి మూత బిగించిన డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. వంగి నమస్కారం పెట్టింది. నేనూ వంగాను.

తిరుగు బండి ఐదూ నలభైకి. సాయంత్రం వెలుగు నీలగిరి తోపుల్లోంచి పట్టీలు పట్టీలుగా బోగీలోకి పడుతోంది. మనుషుల ముఖాలు వెలిగి ఆరుతున్నాయి. వాసనకు సరిహద్దులు లేవు, పైకీ పోతుంది, కిందికీ వస్తుంది. ముక్కు మూసుకోవడం అన్ని దేశాలవారికీ వచ్చు. మూసుకుని కూడా కూర్చున్నచోటే కూర్చోవడం కొందరికే వచ్చు. ఇంత మంచి మాట తట్టినందుకు నాకు నా మీదే కొంచెం గౌరవం కలిగింది. ఒక సంసారాన్ని నిలబెట్టి వస్తున్న దుబాసీని, ఆ మాత్రం గౌరవం కలగాలి.

ఎదుటి సీట్లో ఒక పూలమ్మే ఆమె. ఖాళీ గంపలు కాళ్ళ దగ్గర పెట్టుకుని మాలూరుకు పోతోంది. డబ్బా మూత ఎంత బిగించినా బోగీ అంతటికీ సంగతి తెలిసిపోయింది. “ఏంది సామీ అది?” అని అడిగింది. జరిగిన కథంతా చెప్పాను. నా పాత్ర కొంచెం పెంచి చెప్పానేమో. మామ కంపు అనడం, కంచం చాచడం దగ్గర ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“తీసుకోండమ్మా, చాలా బాగుంటుంది,” అని డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. ఇంకొకటి తీసుకుంది. డబ్బాను చూసింది, నా ఖాళీ చేతులను చూసింది.

“మీ మామ కంపు అంటానే తినె సామీ,” అంది. “నువ్వు బాగుండాది అంటానే నాకు పెట్టేస్తివి.”